పరహస్తానికి ఇష్టపడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎంతో ఇష్టపడి చదువుకున్న పుస్తకాన్ని ముక్కూమొహం తెలియని వారి చేతిలో పెట్టిన అనుభవం ఉంటే రాయమని గత సంచికలో పాఠకులను కోరాను. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చారిత్రక ప్రేమనవలలను గురించినవే కావడం మొదట ఆశ్చర్యం కలిగించినా, ఆలోచించి చూస్తే అందులో వింత లేదనిపించింది. ఈ నవలలను ప్రేమించేవారు చదివి ఊరుకోరు. ఇంకొకరి చేత చదివించేదాకా వారికి మనసు నిలవదు. ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇరవై ఏళ్ల వయసులో చదివిన ఒక చారిత్రక ప్రేమనవలను ఆ తరువాత ఏడుసార్లు చదివాను. ఉద్యోగ విరమణ చేసిన సందర్భంగా దాని ప్రతులు పది కొని, తెలియనివారికి ఉచితంగా పంచుదామని రైల్వే స్టేషనుకు వెళ్లాను. చాలామంది చేయి చాపనే లేదు. ఒకాయన "మతప్రచారాలు మాకు వద్దండీ" అన్నారు. ఒకామె తీసుకున్నట్టే తీసుకుని, దాన్ని బెంచీ మీద వదిలి రైలెక్కారు. ఎనిమిది ప్రతులతో ఇంటికి తిరిగి వచ్చాను. నా పొరపాటు ఎక్కడుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

జవాబు: మీ పొరపాటు ఏమీ లేదని ఓదార్చి ముగించవచ్చు గాని, రెండు మూడు పొరపాట్లు ఉన్నాయి. అవి ఈ పని చేసిన ప్రతివారూ మొదటిరోజు చేసేవే.

ఊరికే ఇచ్చేదాని వెనుక ఏదో మెలిక ఉంటుందని లోకానికి అనుభవం మీద తెలుసు. బ్రిటన్‌లో 'వరల్డ్ బుక్ నైట్' అనే కార్యక్రమం 2011 మార్చి 5న తొలిసారి జరిగినప్పుడు, ఇరవై వేల మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, 25 పుస్తకాల జాబితాలో తమకు నచ్చినదాన్ని ఎంచుకుని, తలా 48 ప్రతుల చొప్పున పంచారు. మరుసటి ఏడు అది ఏప్రిల్ 23కు మారింది, అమెరికాకు కూడా పాకింది. అక్కడ ఒక్కొక్కరికి 20 ప్రతులు ఇచ్చేవారు. మూడేళ్లు సాగి 2014తో అక్కడ ఆగిపోయింది. ఆ ప్రతులను ప్రత్యేకంగా ముద్రించేవారు, రచయితలు వాటిపై తమకు రావలసిన రాయల్టీ వదులుకునేవారు. అంటే పంచేవారి వెనుక ఒక పేరు, ఒక తేదీ, ఒక ముద్ర ఉండేవి. అవేవీ లేకుండా ఒంటరిగా సంచీతో నిలబడిన మీకు ఎదురైన అనుమానాన్ని అవమానంగా తీసుకోకండి. నోరు తెరవగానే మొదటి మాటగా "డబ్బు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, తిరిగి ఇవ్వనక్కర్లేదు" అనండి. నవల పేరు ఆ తరువాత చెప్పవచ్చు.

రెండవది చోటు. ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషి కళ్లు మీ వైపు ఉన్నా చెవులు రైలు కూత వైపే ఉంటాయి. కదలడానికి వీలులేక కూర్చున్నవారు, కాలం ఎంతకూ గడవనివారు ఉన్నచోటును వెతకండి: వైద్యుని గది బయట వేచి ఉన్న రోగి తాలూకు బంధువులు, రాత్రి కాపలా ఉద్యోగులు, పరీక్షలు ముగిసి ఇంకా ఇళ్లకు వెళ్లని హాస్టలు పిల్లలు. అక్కడి బాధ్యుల అనుమతి ముందే తీసుకోండి. అమెరికాలో ఆ కార్యక్రమం నడిపినవారు తమ కార్యకర్తలను కోరినది ఇదే: బాగా చదివే అలవాటున్న మిత్రులకు కాక, చదవనివారికి, అరుదుగా చదివేవారికి, పుస్తకం దొరకనివారికి ఇవ్వండి అని. మన మనసు మాత్రం చేతిలో ఇప్పటికే ఏదో పుస్తకం ఉన్నవారి వైపే లాగుతుంది, ఎందుకంటే వారు కాదనరని మనకు నమ్మకం. బెంచీ మీద నవల వదిలి వెళ్లినావిడ సంగతి కూడా చెప్పాలి. వద్దనడం కన్నా తీసుకోవడమే ఆవిడకు సులువయిందన్నమాట. వద్దనే మాటను అవతలివారికి మనమే అందించాలి. "చూసి, ఆసక్తి లేకపోతే ఇక్కడే నాకు ఇచ్చేయండి" అంటే సగం మంది నవ్వి తిరిగి ఇస్తారు. మిగిలిన సగం మంది నిజంగా తీసుకుంటారు.

మూడవది, బహుశా అసలైనది, మీరు ఏడుసార్లు చదివానని చెప్పి ఉంటారు. నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేవాడిని. "ఇది నా జీవితాన్ని మార్చిన పుస్తకం" అని ఒక అపరిచితునికి ఇవ్వడమంటే, ఆయన చేతిలో పుస్తకంతో పాటు ఒక పరీక్షను కూడా పెట్టడమే. నచ్చకపోతే తనలోనే లోపం ఉందేమోనని ఆయన అనుకుంటాడు, లేదా మీలో లోపం ఉందని నిశ్చయించుకుంటాడు. మీ ప్రేమను మీ దగ్గరే ఉంచుకుని, కథలోంచి ఒక్క వాక్యం మాత్రం ఇవ్వండి: "శత్రువు కోటలో బందీగా ఉన్న అమ్మాయి, తనను కాపలా కాస్తున్నవాడికి చదువు నేర్పుతుంది." అంత చాలు.

చారిత్రక ప్రేమనవలకు ప్రత్యేకంగా మరొక చిక్కు ఉంది, అది ఆరంభం. రాజవంశాలు, బిరుదులు, తగాదాల పూర్వకథ, ఎవరి మేనమామ ఎవరి పక్షాన యుద్ధం చేశాడన్నది మొదట చెబితే తప్ప ప్రేమకథకు నేల దొరకదు. చారిత్రక నవలకు దారి వేసిన వాల్టర్ స్కాట్, 1814లో 'వేవర్లీ'ని ప్రచురించినప్పుడు, పాతకాలపు రాజకీయాలతో ఇంతసేపు విసిగించినందుకు వినోదం కోసం నవలలు చదివేవారిని క్షమాపణ అడుగుతున్నానని ఐదవ అధ్యాయం చివర తానే రాసుకున్నాడు. స్కాట్ అంతటివాడే క్షమాపణ అడిగినప్పుడు, మనం పంచే ప్రతిలో ఒక చీటీ పెట్టడానికి మొహమాటం దేనికి? "మొదటి నలభై పుటలు నెమ్మదిగా నడుస్తాయి, నది దాటే ఘట్టం దగ్గర కథ పరుగందుకుంటుంది" అని రాసి, ఆ పుట దగ్గరే ఆ చీటీని ఉంచండి. వెనకవైపు ముఖ్యమైన పాత్రల పేర్లు ఏడెనిమిది, ఎవరికి ఎవరేమవుతారో సహా రాయండి. మూడవ అధ్యాయంలో ఇద్దరు రాజులకు ఒకే పేరు తగిలినప్పుడు నవలను మూసేసేవారు చాలామంది ఉంటారు.

ముగింపు చెప్పకూడదన్న నియమాన్ని కూడా కొంచెం సడలించుకోవచ్చు. ప్రేమనవలలో నాయికా నాయకులు చివరకు కలుస్తారన్నది రహస్యం కాదు, రచయితకు పాఠకులకు మధ్య ఉన్న ఒప్పందం. ఎలా కలుస్తారన్నదే కథ. ఆ ఒప్పందాన్ని మీ నవల పాటించకుండా విషాదంగా ముగిసేదైతే, ఆసుపత్రి వరండాలో పంచే ముందు ఆ మాట చెప్పడం కనీస ధర్మం. నేను ఒకసారి చెప్పలేదు. ఆ నవల తీసుకున్న వ్యక్తి మరుసటి వారం అదే వరండాలో నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ప్రశ్న: నాకు ప్రాణమైన నవల 1970ల నాటిది. ఇప్పుడు మళ్లీ చదివితే, నాయకుడు నాయికను బలవంతం చేసే ఘట్టాన్ని రచయిత్రి ప్రేమగా చిత్రించినట్టు కనిపించి మనసు కలుక్కుమంది. ఈ పుస్తకాన్ని తెలియనివారికి ఇవ్వవచ్చునా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఏ నవల గురించి రాశారో ఊహించగలను గాని, ఆ కాలపు నవలల్లో అది ఒక్కటే కాదు. 1972లో అమెరికాలో వెలువడిన ఒక చారిత్రక ప్రేమనవల ఆ ప్రక్రియ తీరునే మార్చింది. అందులో నాయకుడు మొదటి కలయికలోనే నాయికపై బలాత్కారం చేస్తాడు, అయినా చివరకు ప్రేమికుడిగానే నిలుస్తాడు. దాని విజయం చూసి అదే అచ్చులో ఎన్నో వచ్చాయి. జార్జెట్ హేయర్ వంటి సున్నితమైన హాస్యం గల రచయిత్రి కూడా 1950లో రాసిన 'ది గ్రాండ్ సోఫీ'లో యూదు వడ్డీవ్యాపారిని చిత్రించిన తీరు ఇవాళ చదివేవారికి ముల్లులా గుచ్చుకుంటుంది. చారిత్రక నవలలో రెండు కాలాలు ఉంటాయి, కథ జరిగిన కాలం, కథ రాసిన కాలం. మనల్ని ఇబ్బంది పెట్టేది చాలాసార్లు ఈ రెండవదే.

స్నేహితురాలికి ఇచ్చేటప్పుడు ఆమె ఏం పడి వచ్చిందో మీకు తెలుసు. అపరిచితురాలి విషయంలో ఏమీ తెలియదు. అందుచేత మీ సందేహానికి నా సమాధానం సూటిగా ఇది: ఆ ఘట్టం ఉన్నదని నోటితో చెప్పగలిగితే ఇవ్వండి, చెప్పడానికి నోరు రాకపోతే వేరే నవల ఎంచుకోండి. దాన్ని మీరు ప్రేమించడం మానవలసిన పని లేదు. ప్రేమించే పుస్తకాలన్నీ పంచదగినవి కావు, అంతే.

ప్రశ్న: నా దగ్గర ఉన్న నవల ముఖచిత్రం మీద కౌగిలించుకున్న జంట ఉంది. మగవారికి ఇవ్వబోతే నవ్వి తప్పుకుంటున్నారు. కాగితంతో అట్ట వేసి ఇస్తే తప్పా?
— ఒక యువ పాఠకుడు

జవాబు: తప్పు కాదు గాని, అట్ట విప్పిన రోజున ఆయన తాను మోసపోయానని అనుకుంటాడు. బొమ్మ కనిపించేటట్టే ఇచ్చి, ముందు మీరే నవ్వేయండి.

ప్రేమనవల ఆడవారిదన్న మాటను యుద్ధకాలపు చరిత్ర అంతగా సమర్థించదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు ఉచితంగా పంచడానికి 1943 నుంచి 1947 వరకు 'ఆర్మ్డ్ సర్వీసెస్ ఎడిషన్స్' పేరిట 1,300 పైచిలుకు శీర్షికలు, మొత్తం పన్నెండు కోట్లకు పైగా ప్రతులు ముద్రించారు. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా, సైనికుని చొక్కా జేబులోనో పంట్లాం జేబులోనో ఒదిగేటట్టు కుట్టిన పల్చని పుస్తకాలవి. ఆ జాబితాలో పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండు రాజసభ చుట్టూ అల్లిన 'ఫరెవర్ ఆంబర్' కూడా ఉంది. 1944లో అచ్చయిన ఆ ప్రేమనవలను మాసచూసెట్స్ రాష్ట్రం అశ్లీలమని నిషేధించగా, సైన్యం మాత్రం కందకాల్లోని వారికి పంపింది. ఒక ప్రతి చిరిగేదాకా చేతులు మారేది. కాబట్టి మీ దగ్గర తప్పుకున్నవారు నవలకు భయపడి తప్పుకోలేదు, పక్కవారు చూస్తారని తప్పుకున్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇచ్చి చూడండి.

ప్రశ్న: నేను కొన్న నవలను నలుగురికి ఇవ్వడం చట్టరీత్యా సరైనదేనా? ఇ-పుస్తకంగా కొన్నదాన్ని పంపవచ్చా? జిరాక్సు తీసి పంచవచ్చా?
— ఒక గ్రంథాలయ సహాయకుడు

జవాబు: మొదటిదానికి అవును, మిగతా రెండింటికి కాదు. అవునన్న మాట వెనుక ఉన్న కథ చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే అది ఒక చారిత్రక ప్రేమనవల కథే.

హాలీ ఎర్మినీ రైవ్స్ అనే అమెరికన్ రచయిత్రి కవి బైరన్ జీవితాన్ని ఆధారం చేసుకుని రాసిన 'ది కాస్టవే' 1904లో వెలువడింది. ప్రచురణకర్తలైన బాబ్స్-మెరిల్ వారు, ఈ పుస్తకం ధర ఒక డాలరు, అంతకన్నా తక్కువకు అమ్మేందుకు ఎవరికీ అనుమతి లేదు, అమ్మితే అది మా హక్కుల ఉల్లంఘన అని లోపలి పుటలోనే ముద్రించారు. న్యూయార్కులోని మేసీస్ దుకాణం ఆ హెచ్చరికను లెక్కచేయక 89 సెంట్లకు అమ్మింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: కాపీరైటు యజమాని ఒక ప్రతిని ఒకసారి అమ్మేశాక, ఆ ప్రతి ఆపైన ఎవరి చేతికి, ఎంత ధరకు వెళ్లాలో శాసించే హక్కు కాపీరైటు ద్వారా అతనికి ఉండదు. పాత పుస్తకాల దుకాణానికైనా, మీరు తెలియనివారికి పుస్తకం ఇవ్వడానికైనా అక్కడి చట్టంలో ఆధారంగా నిలిచే 'తొలి అమ్మకం' సూత్రం ఇదే. పేరు వేరైనా ఇటువంటి సూత్రం చాలా దేశాల చట్టాల్లో ఉంది.

జిరాక్సు సంగతి వేరు. అక్కడ మీరు ఇచ్చేది కొన్న ప్రతిని కాదు, కొత్తగా పుట్టించిన ప్రతిని. ఇ-పుస్తకం పంపినా జరిగేది దాదాపు అదే. మీ దగ్గరిది మీ దగ్గరే ఉంటుంది, అవతల ఇంకొకటి పుడుతుంది. వాడిన ఇ-పుస్తకాల అమ్మకంపై వచ్చిన వివాదంలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం కూడా 2019 డిసెంబరులో, కాగితపు పుస్తకానికి వర్తించే ఈ స్వేచ్ఛ ఇ-పుస్తకానికి వర్తించదని తేల్చింది.

ప్రశ్న: "పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతమ్" అన్నారు పెద్దలు. నేను ఇచ్చిన నవల వారు చదివారో లేదో తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు

జవాబు: ఆ శ్లోకంలో వనితను సొత్తుల వరుసలో చేర్చినందుకు, మీరు పంచుతున్న నవలలోని నాయికే మీతో ముందుగా పోట్లాడుతుంది. దాన్ని పక్కన పెడితే, శ్లోకం ఎరువిచ్చినవారి గోడు. మీరు ఎరువివ్వలేదు, ఇచ్చేశారు. 2001లో అమెరికాలో మొదలైన 'బుక్‌క్రాసింగ్' పద్ధతిలో ప్రతి పుస్తకానికి ఒక సంఖ్య రాసి బయట వదులుతారు, దొరికినవారు ఆ సంఖ్య ద్వారా తమ మాట నమోదు చేయవచ్చు. మీకు సరిపడవచ్చు. అయితే సంఖ్య రాసిన పుస్తకాల్లో కూడా చాలావాటి నుంచి కబురు రాదు. మీ ఫోను నంబరు రాసి మాత్రం ఇవ్వకండి. అది మీకూ మంచిది కాదు, అవతలివారికీ హోంవర్కు ఇచ్చినట్టు ఉంటుంది.

ప్రశ్న: నేను పంచదలచిన నవలకు పునర్ముద్రణ లేదు. ఉన్న ఒక్క ప్రతి ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది, అక్షరాలు నా కళ్లకు ఆనడం లేదు. వారానికొకసారి ఒక వృద్ధాశ్రమానికి వెళ్తుంటాను. అక్కడివారికి ఆ కథను జ్ఞాపకం మీద చెబితే నవలకు అన్యాయం చేసినట్టవుతుందా?
— డెబ్బై దాటిన ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాలలో నేను రెండుసార్లు చదివినది మీదే.

ఇందాక ప్రస్తావించిన జార్జెట్ హేయర్ పదిహేడేళ్ల వయసులో, రక్తం గడ్డకట్టని వ్యాధితో మంచాన ఉన్న తమ్ముడికి కాలక్షేపం కోసం పద్దెనిమిదవ శతాబ్దపు దారిదోపిడీల కథ ఒకటి అల్లి చెప్పింది. అది విన్న తండ్రి ప్రచురణకు పంపమని ప్రోత్సహించగా, 1921లో 'ది బ్లాక్ మాత్' పేరుతో ఆమె తొలి నవల అయింది. అలా ఒక్క శ్రోత కోసం నోటితో పుట్టిన కథ లక్షల మంది అపరిచితుల చేతికి పుస్తకంగా వెళ్లింది.

మీరు అడిగినదానికి అసలు జవాబు మాత్రం తిరుగు ప్రయాణంలో ఉంది. హేయర్ 1944లో 'ఫ్రైడేస్ చైల్డ్' అనే నవల ప్రచురించారు. ఒక అందాలరాశి తనను పెళ్లాడనన్న కోపంలో, మొదట ఎదురుపడిన అమ్మాయినే పెళ్లాడతానని శపథం చేసి, అన్నంత పనీ చేసిన ఒక కుర్ర ప్రభువు, లోకం తెలియని అతని భార్య చేసే అల్లరి, తప్పులు, చివరకు ఒకరినొకరు తెలుసుకోవడం, ఇంతే కథ. గొప్ప సందేశం ఏమీ లేదు. విమర్శకులు పెద్దగా తలెత్తి చూసే రకం కాదు. కొన్నేళ్ల తరువాత ఆమెకు రుమేనియా నుంచి ఒక స్త్రీ ఉత్తరం రాసింది. ఆమె పన్నెండేళ్లు రాజకీయ ఖైదీగా జైల్లో ఉంది. ఆ పన్నెండేళ్లూ తానూ తోటి ఖైదీలూ మతి చెడకుండా నిలిచింది, ఈ నవల కథను తాను మళ్లీ మళ్లీ చెప్పడం వల్లనే అని ఆమె రాసింది. అభిమానుల ఉత్తరాలను దాచుకునే అలవాటు లేని హేయర్ ఆ ఒక్క ఉత్తరాన్ని దాచుకున్నారు.

ఆ ఖైదు గదిలో పుస్తకం లేదు, పుట లేదు. ఎన్ని సంభాషణలు మారి ఉంటాయో, ఎన్ని కొత్తగా పుట్టి ఉంటాయో ఎవరూ లెక్క చెప్పలేరు. నవలకు అన్యాయం జరిగిందని హేయర్ అనుకోలేదన్నది మాత్రం స్పష్టమే.

చెప్పే పద్ధతి గురించి కొంచెం. వంశవృక్షాలు వదిలేయండి; వినేవారికి ఒకేసారి నాలుగు పేర్లకు మించి గుర్తుండవు. సామంతులందరినీ కలిపి ఒక్క సామంతుణ్ణి చేసినా ఫరవాలేదు. వర్ణనలు మరిచిపోయినా, నాయిక నాయకునికి ఇచ్చిన ఎదురు జవాబులను మాత్రం మీకు గుర్తున్నంతవరకు అదే మాటల్లో చెప్పండి, ప్రేమనవల ప్రాణం వాటిలోనే ఉంటుంది. వారానికి ఒక్క ఘట్టం చాలు, అదీ తలుపు చప్పుడైన చోట ఆపండి. ఆ పాత ప్రతిని ఒక బట్టసంచీలో పెట్టి మొదటిరోజు మాత్రం తీసుకువెళ్లి, ఒకసారి అందరికీ చూపండి, ఇది మీరు కల్పించినది కాదని తెలియడానికి. కొన్ని వారాలకు వారిలో ఎవరో ఒకరు మధ్యలో మిమ్మల్ని ఆపి, "అలా కాదండీ, అప్పటికే ఆ పిల్ల ఉత్తరం చింపేసింది కదా" అని సరిదిద్దుతారు. ఆ రోజు కుర్చీ ఆవిడకు ఇచ్చి, మీరు వినేవారి వరుసలో కూర్చోండి.